గుమ్మడికాయ బరువొస్తే పండినట్టేనా?



మా ఇడుపులపాయ తోటలో తీసిన గుమ్మడి వీడియో చూసి చాలామంది అడిగింది ఒకటే మాట: "కాయ ఎన్ని కేజీలు తూగింది?" లోపల కండ ఎట్లుంది, గింజ పండిందా అని అడిగినోళ్లు లేరు. నా బాధ అదే.

బరువే కావాలంటే దానికీ హద్దు లేదు. 2025లో ఇంగ్లండులో ఇద్దరు అన్నదమ్ములు పండించిన గుమ్మడికాయ 1,278 కేజీల పైనే తూగి ప్రపంచ రికార్డు కొట్టింది. అట్లాంటి రకాలు మంచి జోరు మీదున్నప్పుడు ఒక్క రోజులో 20 కేజీల దాకా పెరుగుతాయి. కానీ ఆ బరువులో పది పాళ్లకు తొమ్మిది పాళ్లు నీళ్లే. అది పోటీకి పెంచే కాయ, కూరకు కాదు.

మన నాటు గుమ్మడి పెరిగేదీ ఇదే పద్ధతిలో. ఆకులు తయారుచేసిన చక్కెర నీళ్లతో కలిసి తొడిమ గుండా కాయలోకి చేరుతుంది. పిందె నిలిచిన మూడు నాలుగు వారాల్లో సైజు, బరువు దాదాపు వచ్చేస్తాయి. ఆ తర్వాత తూకం పెద్దగా పెరగదు. చూసేవాళ్లకు కాయ ఆగిపోయినట్టే ఉంటుంది. కానీ లోపల పని జరుగుతూనే ఉంటుంది. కండకు రంగు తిరుగుతుంది, తోలు గట్టిపడుతుంది, గింజలో పప్పు నిండుతుంది.

మనమేమో సైజు రాగానే కోసేస్తాం. కోతకు ముందు రోజు దాకా డ్రిప్ వదులుతాం. నేనూ అదే చేసినా. మొదటి పంటలో తూకం బాగా వచ్చింది, మండీలో డబ్బులూ వచ్చినాయి. ఇంట్లో పెట్టుకున్న కాయలు మాత్రం నెల తిరక్కుండానే కుళ్లినాయి. గింజలు తీసి ఆరబెడితే సగం తాలు. మరుసటి ఏడు విత్తనం కొనాల్సి వచ్చింది. ఘనజీవామృతం సొంతంగా చేసుకుని, విత్తనానికి అంగడికి పోతే అదేం ప్రకృతి వ్యవసాయం?

కేజీల లెక్కన కొనేచోట నీళ్లూ సరుకే. రెండు మూడు వారాలు ఆగితే చేతికి డబ్బు ఆలస్యమయ్యేదీ నిజమే. అందుకే తోట మొత్తం ఆపమని చెప్పను. విత్తనానికి, ఇంటికి, మన దగ్గర నేరుగా కొనేవాళ్లకు ఇచ్చే కాయలనైనా తీగ మీదే పండనీయండి. తొడిమ ఎండి బెండులా మారాలి. గోరు గుచ్చితే తోలులోకి దిగకూడదు. కోతకు వారం పది రోజుల ముందు నుంచి నీళ్లు తగ్గించండి. తొడిమ నాలుగు వేళ్లంత ఉంచి కోయండి. నీడలో, గాలి తగిలే చోట పెడితే కాయ నెలల తరబడి నిలుస్తుంది. విత్తనం కాయను కోసినాక కూడా రెండు మూడు వారాలు అట్టే ఉంచి, తర్వాతే గింజ తీయండి.

ఈసారి మీ కాయ ఎన్ని కేజీలు తూగిందో చెప్పేటప్పుడు, కోసినాక ఎన్ని నెలలు నిలిచిందో కూడా చెప్పండి.