విలువతోపాటు రకము నెఱుగవలెను

ప్రోగ్రాము వ్రాయ నేర్చు బాలబాలికలు విలువకు పేరు పెట్టుటతో తృప్తి నొందుదురు. అది యే రకపు విలువయో విచారింపరు. రకమును మొదటి దినముననే నేర్పవలెనని నా యభిప్రాయము.

పేరు నిలిచి విలువ మారగల దానిని చరరాశి యందురు. మన వీపనగండ్ల మండలమునకు "జిల్లా" యను చరరాశి నూహింపుడు. 2016 అక్టోబరు 11వ తేదీన అందు మహబూబ్‌నగర్ పోయి వనపర్తి వచ్చినది. పేరు మాత్రము "జిల్లా"యే.

ప్రాథమికమైన రకములు నాలుగు: పూర్ణాంకము, దశాంశసంఖ్య, స్ట్రింగనెడి అక్షరవరుస, నిజమో అబద్ధమో తెలుపు బూలియన్. పైథాను భాషయందు 35, 40 సంఖ్యలైనచో కూడిక 75. కొటేషన్ల నడుమ నుంచిన స్ట్రింగులైనచో 3540. పిన్‌కోడు అంకెలతో నున్నను కూడదగినది కాదు. దానిని స్ట్రింగుగా నుంచుటయే మేలు.

పరీక్షకు రాని పిల్లవానికి సున్న వేయుట యింతకంటె పెద్ద తప్పు. సున్నయు నొక విలువయే. విలువ లేమి వేరు. దానిని దెలుపుటకు పైథానులో "నన్" అను ప్రత్యేకపు గుర్తు కలదు. 60, 40 మార్కుల సరాసరి 50. రానివాని సున్న చేర్చినచో సుమారు 33. తరగతి చదువు చెడినదని తల్లిదండ్రులు తలంతురు, చెడినది లెక్కయే.

కావున విద్యార్థులారా, పేరు పెట్టుటకు ముందే "ఇది యే రకము?" అని ప్రశ్నించుకొనుడు.