భాష ఒక్కటే చాలదు



కఠినమైన ప్రోగ్రామింగ్ భాషను కళాశాలలలో బోధించినచో చోదకరహిత వాహనములు నిరపాయకరములగునని గత సంచికలో వ్రాసిన పాఠకునితో ఏకీభవింపజాలను. సి భాషను వాహనములలో జాగరూకతతో వాడుటకు మిస్రా నియమావళి 1998లోనే వెలువడినది. అయినను 2018 మార్చిలో అమెరికాలోని టెంపీ నగరమున ఊబర్ పరీక్షా వాహనము, సైకిలును నడిపించుకొనుచు దారి దాటు స్త్రీని ఢీకొనుటకు 5.6 సెకండ్లకు ముందే కనుగొనియు, పాదచారుల గీతలు లేనిచోట మనుష్యులు దాటుదురను భావనయే దాని రచనలో లేనందున, ఆమెను ఒకమారు వాహనమనియు, వేరొకమారు సైకిలనియు తలపోయుచు కాలహరణము చేసి బలిగొన్నది. నల్లగొండ, పాలమూరు దారులపై గొఱ్ఱెలమందలు నడచును, వడ్లు ఆరబోయుదురు, ఆ గీతలెక్కడివి? కావున మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయములు భాషతోపాటు దారిని పరిశీలించు విద్యను నేర్పి, హైదరాబాద్ ఐఐటీ వారి టిహాన్ అను చోదకరహిత వాహన పరీక్షాక్షేత్రమునకు విద్యార్థులను పంపవలెనని ప్రార్థన.

— ఒక అధ్యాపకుడు, నల్లగొండ