తిథి తప్పిన అతిథి

అతిథి అంటే తిథి లేనివాడని, ఏనాడు వస్తాడో తెలియనివాడని మన పెద్దలు వ్యుత్పత్తి చెబుతారు. ఒక పెద్ద కంప్యూటరులో మరికొన్ని కంప్యూటర్లను నడుపుతూ, లోపలివాటిని అతిథులనీ బయటిదాన్ని ఆతిథేయి అనీ ఆంగ్లంలో పిలుచుకున్నవారికి ఈ సంగతి తెలిసి ఉండదు. కానీ పేరు చక్కగా అతికింది. నడుస్తున్న అతిథిని ఒక ఆతిథేయి నుండి మరొక దానికి తరలిస్తే మొదట తప్పేది తిథే. (వర్చువల్ మెషీన్‌ను నేను మిథ్యాయంత్రం అంటున్నాను. ఇంతకన్న మంచి మాట దొరికితే సంతోషంగా మార్చుకుంటాను.)

చోటు మారితే గడియారం తప్పడం కొత్త విషయమేమీ కాదు. మా వైపు రైలుదారినే చూడండి. రేఖాంశం హిందూపురానికి సుమారు 77.5 డిగ్రీలు, పెనుకొండకు 77.6, ధర్మవరానికి 77.7. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కిస్తే హిందూపురానికీ ధర్మవరానికీ సూర్యుడి లెక్కలో దాదాపు 50 సెకన్ల తేడా. ఊరి సూర్యుణ్ణి బట్టి హిందూపురంలో సరిచేసుకున్న గడియారం ధర్మవరంలో దిగేసరికి అంతమేర వెనుకబడుతుంది. గడియారంలో లోపం లేదు, చోటు మారిందంతే. పంచాంగకర్తలు దీనికే దేశాంతర సంస్కారం చేస్తారు. రైళ్ళకు ఆ ఓపిక లేక మద్రాసు వేధశాల కాలాన్ని పట్టుకున్నాయి. 1906 జనవరి 1 నుండి 82.5 డిగ్రీల రేఖ ఆధారంగా భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. హిందూపురంలో నేటికీ సూర్యుడు నడినెత్తికి వచ్చేది సగటున 12 గంటల 20 నిమిషాలకు!

మిథ్యాయంత్రానికి తప్పులు రెండు రకాలు. మొదటిది విరామం. అది పనిచేస్తూ ఉండగానే దాని మెమొరీని కొత్తచోటికి నకలు చేస్తూ, చివరికి మిగిలిన కాస్త కోసం ఒక్క క్షణం ఆపుతారు. 2005లో జెన్ బృందం ప్రచురించిన పత్రంలో, క్వేక్ 3 ఆట నడుస్తున్న సర్వరు 60 మిల్లీసెకన్లు మాత్రమే ఆగిందని చూపారు. మెమొరీ వేగంగా మారిపోతున్న యంత్రాలు ఇంకా ఎక్కువసేపు ఆగుతాయి. ఆ కాసేపూ అతిథి రైల్లో నిద్రపోయిన ప్రయాణికుడే.

రెండవది నడక. ప్రాసెసరులోని టీఎస్‌సీ అనే లెక్కింపు గడిని బట్టి అతిథి కాలాన్ని కొలుస్తుంది. సెకనుకు 240 కోట్ల చొప్పున లెక్కించే చోటునుండి 260 కోట్లు లెక్కించే చోటికి వెళ్ళి, పాత లెక్కే పట్టుకుంటే 60 నిమిషాలు 65 అవుతాయి. అదృష్టవశాత్తు ఇది చాలావరకు తీరిన సమస్య. కొత్త ప్రాసెసర్లు ఆ తేడాను తామే సరిచేస్తాయి. లేదా కేవీఎంక్లాక్ వంటి ఏర్పాటు అతిథికి కొత్త గుణకాన్ని అందిస్తుంది.

నా పేచీ విరామం గురించే. అతిథికి తెలియకుండా తరలించడమే గొప్ప అని ఈ రంగంలో చాలామంది నమ్మకం. నేను ఒప్పుకోను. చెప్పకపోతే అతిథి తనంతట తాను కనుక్కోవాలి. ఎన్‌టీపీ సాధారణంగా 128 మిల్లీసెకన్ల లోపు తేడాను మెల్లగా జరుపుతుంది. ఆ జరపడానికీ సెకనుకు అర మిల్లీసెకను హద్దు. 100 మిల్లీసెకన్లు పూడాలంటే కనీసం 200 సెకన్లు. గడియారాన్ని ఎప్పుడూ ఎగరనీయకుండా జరపడమే నియమంగా పెట్టుకుంటే ఒక సెకనుకు 33 నిమిషాలు. 1000 సెకన్లు దాటితే పాత ఎన్‌టీపీడీ చేతులెత్తేసి తప్పుకుంటుంది.

అంతలో ఏం మునిగిందంటారా? ధర్మవరం పట్టుచీర ఒక్కటే ఉంది. హిందూపురం నుండి ఒకరు, పెనుకొండ నుండి ఒకరు అరసెకను తేడాతో కొన్నారు. రెండు బేరాలూ రెండు సర్వర్లకు చేరాయి, అందులో ఒకటి అప్పుడే తరలింది. వెనుక కొన్నవారికి ముందు సమయం పడుతుంది, చీర వారిదవుతుంది. నేను పనిచేసిన ఒకచోట చిట్టాలో జవాబు ప్రశ్నకన్న ముందు నమోదయ్యేది. తప్పు ప్రోగ్రాము రాసినవారిదని అక్కడ తేల్చారు!

ముందువెనుకలకు గడియారాన్ని నమ్మవద్దని లాంపోర్ట్ 1978లోనే రాశారు. నిజమే. ఒకప్పుడు ఒంటిలైనులో రైలును వదిలినది కూడా గడియారం చూసి కాదు, టోకెన్ చేతికి వచ్చాకనే. కానీ లోకంలోని ప్రోగ్రాములన్నీ అలా రాసినవి కావు కదా.

కాబట్టి ఆతిథేయులిద్దరూ ఒకే మూలానికి గడియారం కలుపుకోవాలి, తరలింపు జరిగిందని అతిథికి చెప్పాలి. గోడగడియారాన్ని వెంటనే ముందుకు జరపవచ్చు. వ్యవధులు కొలిచే లోపలి గడియారం మాత్రం ఎన్నడూ వెనక్కి పోరాదు. ఆతిథేయి గడియారాన్ని అతిథి నేరుగా చదివే వీలు లినక్సులో 2017లోనే వచ్చింది. 2025లో వెలువడిన 6.13లో వీఎంక్లాక్ చేరింది. తరలింపు వల్ల కాలం చెదిరిందని అతిథికి తెలిపే గుర్తు అందులో ఉంది. ఇకపై అతిథుల్లోని ప్రోగ్రాములు ఆ గుర్తును చదవడం నేర్చుకోవాలి.