బండి ఔటర్‌లో ఆగితే గుమ్మం కూలుస్తారా?

సికింద్రాబాద్ స్టేషన్ పాత భవనాన్ని 2025 ఫిబ్రవరిలో పడగొట్టేశారు. 1874లో వాడి నుంచి నిజాం రైలు వచ్చి ఆగిన చోట ఇప్పుడు దాదాపు 720 కోట్ల రూపాయలతో కొత్త స్టేషన్ లేస్తోంది. పెరిగిన ప్రయాణికులకు పాతది చాలడం లేదన్నారు. రద్దీ మాట నిజమే, సంక్రాంతికి ఊరెళ్లే వాళ్లెవరూ కాదనరు. అయితే స్టేషన్ అంటే ఒక్క వస్తువు కాదు. రోడ్డు వైపు కనిపించే భవనం ఒకటి. దాని వెనక ప్లాట్‌ఫారాలు, లైన్లు, సిగ్నళ్లు, వంతెనలు మరొకటి. లైన్ ఖాళీ లేక బండి అరగంట ఔటర్‌లో నిలబడితే అందులో ముఖద్వారం కమాను తప్పేమీ లేదు. ఈ సంగతి రైల్వేకు తెలియదనుకోలేం. సికింద్రాబాద్ మీద ఒత్తిడి తగ్గించడానికి అది 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్‌ను తెరిచింది. అంటే రద్దీకి మందు ఎక్కడుందో కనిపెట్టాక కూడా గోడలు కూల్చారన్నమాట.

లండన్‌లో సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌కూ 1960ల్లో ఇదే గండం వచ్చింది. దగ్గర్లోని యూస్టన్ స్టేషన్ రాతి తోరణాన్ని అప్పటికే నేలమట్టం చేశారు. ఆ కడుపుమంటతో కవి జాన్ బెట్జమన్ వంటివారు గట్టిగా అడ్డుపడ్డారు. 1967లో సెయింట్ పాంక్రాస్ భవనాన్ని రక్షిత కట్టడాల మొదటి శ్రేణిలో చేర్చారు. 2007 నుంచి పారిస్ వెళ్లే యూరోస్టార్ అక్కడే, 1868 నాటి ఇనుప కప్పు కిందే ఆగుతోంది. ప్లాట్‌ఫారాల అడుగున ఒక సెల్లారు ఉంది. ఒకప్పుడు బర్టన్ నుంచి వచ్చే బీరు పీపాలు అందులో దించేవారు. ఇనుప స్తంభాల మధ్య ఎడం కూడా ఆ పీపాల కొలతతోనే పెట్టారు. ఇప్పుడు పైనున్న అంతస్తును అక్కడక్కడా కోసి వెలుతురు దింపారు. పీపాలు దొర్లిన చోట ప్రయాణికులు పెట్టెలు లాక్కుంటూ నడుస్తున్నారు, స్తంభాలు మాత్రం కదల్లేదు.

అంత డబ్బు మనకెక్కడిది అంటారు. సరే, లండన్ వద్దు, కాచిగూడ స్టేషన్ చూడండి. 1916లో కట్టిన ఆ గుమ్మటాల కిందినుంచే ఈరోజూ జనం బండెక్కుతున్నారు. నిజాములూ తెల్లవాళ్లూ కట్టించినవి మోయడం దేనికన్న వాదన ఇంకొకటి. ముంబై విక్టోరియా టెర్మినస్‌కు శివాజీ పేరు పెట్టుకున్నాం గానీ గోడ పగలగొట్టలేదు. 2004లో అది యునెస్కో జాబితాకెక్కింది. పాత కట్టడం ప్రమాదకరమనే మాటకు మాత్రం విలువివ్వాలి. ఇంజినీర్లు పరీక్షించి నిలవదని తేల్చితే, ఆ నివేదిక బయటపెట్టి మరీ కూల్చవచ్చు. పాతబడ్డ ప్రతి రేకుల షెడ్డునూ కాపాడమని ఎవరూ అడగడం లేదు.

అమృత్ భారత్ పథకం కింద దేశంలో 1,300కు పైగా స్టేషన్లకు కొత్త రూపు ఇస్తున్నారు. డిజైన్ ఖరారై, బారికేడ్లు పెట్టాక వారసత్వ ప్రేమికులు వచ్చి మొత్తుకుంటే కాంట్రాక్టరు చేయగలిగిందేమీ ఉండదు. టెండరు పిలవకముందే స్టేషన్‌వారీగా చూసి, ఏ గోడ, ఏ పోర్టికో, ఏ గుమ్మటం ఉంచాలో రాసి, ఆ జాబితాను షరతుల్లో చేర్చాలి. కొత్త హాలు, లిఫ్టులు, పార్కింగ్ ఎటు కట్టాలన్నది ఆర్కిటెక్టు దాన్ని చేతిలో పెట్టుకుని గీసుకోవాలి.