గిటారు నాదమును గూర్చి ఒక మాట

ఆదోనియందును ఎమ్మిగనూరునందును నేడు గిటారు నేర్చుకొను బాలురు పెక్కండ్రు కలరు. వారిలో కొందఱు డిజిటల్ ఆంప్ మోడలరు అను చిన్న పెట్టెను కొనుచున్నారు. కొనలేనివారు అది లేనందున తమ వాద్యము రాణింపదని చింతించుచున్నారు. ఆ చింతను చూచియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. పెట్టె చెడ్డదని నేననను. నాదము చెడుటకు తఱచుగా పెట్టె కారణము కాదనియు, చెవి కారణమనియు నా యభిప్రాయము.

పూర్వము గిటారు ధ్వనిని పెంచుటకు గాజు వాల్వులు గల బరువైన ఆంప్లిఫైయరును, చెక్క పెట్టెలో బిగించిన స్పీకరును వాడెడివారు. అవి ధ్వనిని పెంచుటయే కాక దాని గుణమును గూడ మార్చుచుండెను. ఆ మార్పును అంకెల లెక్కతో అనుకరించునదే మోడలరు. 1998లో లైన్ 6 వారి పాడ్, 2011లో కెంపర్ వారి యంత్రము వెలువడిన పిమ్మట ఇవి లోకమంతటను వ్యాపించినవి.

గిటారు స్పీకరు సెకనునకు సుమారు 5,000 కంపనములకు పైబడిన ధ్వనులను మిక్కిలి తగ్గించివేయును. సభలలో వాడు స్పీకర్లు అట్లు చేయవు. గాయకుని సకార శకారములు స్పష్టముగా వినబడుటకై అవి పై ధ్వనులను గూడ పలుకును. కావున మోడలరును నేరుగా మిక్సరునకు కలిపి, అందలి క్యాబినెట్ అను భాగమును ఆపివేసినచో వినబడునది గిటారు కాదు, సీసాలో చిక్కిన కందిరీగ! గిటారు ఆంప్లిఫైయరునకే కలుపునపుడు మాత్రము ఆ భాగమును ఆపవలెను. లేనిచో ఒకే ధ్వని రెండు జల్లెడలలో పడి మందగించును.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మఱియొకటి కలదు. మెల్లగా వినునపుడు మన చెవి మంద్ర ధ్వనులను, అతి తార ధ్వనులను తక్కువగా గ్రహించును. దీనిని 1933లో ఫ్లెచర్, మన్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. రాత్రివేళ ఇంటివారు నిద్రించుచుండగా మెల్లగా వాయించు బాలుడు బేసును, ట్రెబులును పెంచి మధ్య ధ్వనులను తగ్గించును. ఇంట నది మధురమే. సభలో బిగ్గరగా వాయించినచో క్రింద హోరు, పైన కీచు, నడుమ శూన్యము. ఈ తప్పు నేనును చేసితిని. ఒక వివాహ సభకై మూడు దినములు శ్రమించి సిద్ధపరచిన నాదమును, మొదటి పాట ముగియకమున్నే మిక్సరు వద్ద నున్న కుఱ్ఱవాడు తగ్గించివేసెను. వానిపై కోపించితిని గాని వాడు చేసినది సరియే.

ఇక గెయిన్ సంగతి. ఆదోని ప్రత్తి బజారులో నేర్పుగల వర్తకుడు దూదిని వ్రేళ్ల నడుమ లాగి పింజ పొడవు చూచునే కాని మూట ఉబ్బును చూచి మోసపోడు. గెయినును మితిమీరి పెంచినచో నాదము ఉబ్బును గాని పింజ తెగును. మీటులోని మృదుత్వ కాఠిన్యముల భేదము నశించును. పంకా రెగ్యులేటరు గుఱ్ఱుమను రొద గూడ దానితోనే పెరుగును. రాతి గోడల మందిరములో ప్రతిధ్వని యెటులనూ కలదు గనుక యంత్రములోని రివర్బుతో అంతగా పని యుండదు.

పాలకొల్లులో 1969లో జన్మించి 2014లో కీర్తిశేషులైన మాండలిన్ శ్రీనివాస్ గారు విద్యుత్ మాండలినుపై కర్ణాటక సంగీతమును పలికించిరి. మామూలు మాండలిను నాదము త్వరగా అణగిపోవును. విద్యుత్తు ఆ నాదము నిలుచుటకు తోడ్పడినది. గమకము మాత్రము వారి వ్రేళ్లదే.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు అడిగెనని అప్పుచేసి ఖరీదైన యంత్రమును కొనవలదు. ఇంట కంప్యూటరున్నచో న్యూరల్ ఆంప్ మోడలర్ అను ప్రోగ్రాము ఉచితముగనే లభించును. గిటారును దానికి కలుపుటకు ఒక చిన్న ఇంటర్ఫేసు చాలును. ముందుగా క్రొత్త తీగలు కొనిపెట్టుడు, శ్రుతి చేయుట నేర్పించుడు.

విద్యార్థులారా, వార్షికోత్సవమునకు రెండు దినములు ముందుగా మీ పెట్టెలను సభామందిరమునకే తెండు. గాయకులు పాడుచుండగా, ఆనాడు వాయింపబోవు బిగ్గరతనముతోనే నాదమును సరిచేసికొనుడు. ఒకరు చివరి బల్ల వద్ద నిలిచి, పాటలోని మాటలు వినబడుచున్నవో లేదో చెప్పవలెను.