అవ్వలకు సభ ఎప్పుడు?

ఏప్రిల్ 14న వాడవాడలా డప్పులు, దండలు, ఊరేగింపులు. మూడు రోజులు తిరక్కుండానే శివసాగర్ వర్ధంతి. 2012 ఏప్రిల్ 17న కె.జి. సత్యమూర్తి పోయాడు. రెండు సభలకూ పోతున్నాం, గొంతు పోయేదాకా మాట్లాడుతున్నాం. ఆ ఇద్దరికీ పసితనంలో ముద్ద కలిపి పెట్టిందెవరని ఏ వక్తా అడగడు.

బాబాసాహెబ్‌కు ఊహ తెలిసీ తెలియకముందే తల్లి భీమాబాయి పోయింది. సాకింది మేనత్త మీరాబాయి. సత్యమూర్తి తల్లి క్షయతో పోయింది. తండ్రి దూరమైతే ముగ్గురు పిల్లల్ని రెక్కల కింద పెట్టుకున్నది మార్తమ్మ అనే ముసలామె. 2017లో ఆయన మేనకోడలు సుజాత గిడ్ల ఇంగ్లీషులో పుస్తకం రాస్తే ఆ పేరు లోకానికి తెలిసింది. పీపుల్స్‌వార్ పెట్టినోళ్ళలో ఒకడు, ఆ పార్టీలోనే కులం సంగతేందని నిలదీసినవాడు ఆ ముసలామె చేతిలో పెరిగాడు. మన బ్యానర్ల మీద ఆమె ఏదీ?

మా కృష్ణానగర్‌లో ఈ మధ్యన ఒక అవ్వ పోయింది. పేరు రాయొద్దని ఇంటోళ్ళు అన్నరు, రాస్తలేము. కృష్ణానగర్ అంటే బయటోళ్ళకు సినిమా బస్తీ. పొద్దున్నే జూనియర్ ఆర్టిస్టుల కోసం వచ్చే బండ్లు కనపడతయి. అంతకన్నా ముందే లేచి అపార్ట్‌మెంట్లకు గిన్నెలు తోమబోయే మన ఆడోళ్ళు కనపడరు. అవ్వ పాలమూరు నుంచి వచ్చి మొదట తట్టలు మోసింది, తర్వాత నాలుగిండ్లల్ల పాచిపని చేసింది. బిడ్డ చచ్చిపోతే ముగ్గురు మనవల్ని సాదింది. ఏండ్ల తరబడి చేసిన ఇంట్లో కూడా ఆమె చాయ్ గ్లాసు బాల్కనీలో వేరేగానే ఉండేది. అంట్లు తోమి తోమి అరిగిన వేళ్ళకు రేషన్ షాపు మిషన్ల ముద్ర పడేది కాదు. బియ్యం కోసం మూడుసార్లు తిరిగేది. (మిషనుకు కులం లేదంటరు. కష్టం చేసిన చెయ్యి మాత్రం దానికి ఆనదు!)

మంగళవారం పోచమ్మకు నీళ్ళారబోసేది, ఆదివారం మనవరాలితో చర్చికి పోయేది. మన సోదరులు కొందరు "ముసలామెకు దేవుడి పిచ్చి, చైతన్యం లేదు" అంటరు. మేం ఒప్పుకోం. తన ఒళ్ళు వంగక ఆ ఇంటామె మనవరాలిని పనికి పంపమంటే, బడి మాన్పించనని తెగేసి చెప్పి, ఆ ఇల్లే వదులుకున్నది. నెలకు అంత జీతం పోయింది. మీటింగుకు రాని మనిషే, కానీ ఉపన్యాసమిచ్చిన మనలో ఎందరం అట్ల వదులుకోగలం?

ఆసరా పింఛను 2019లో 2016 రూపాయలైంది. 2023 ఎన్నికల్లో నాలుగు వేలన్నరు. ఆ లెక్క సర్కారుతో తేల్చుకోవాల్సిందే. మన ఇంటి లెక్క వేరు. ప్రతి వాడలో, ప్రతి గూడెంలో ముసలోళ్ళు బతికుండగానే వాళ్ళ పేరు, పుట్టిన ఊరు, చేసిన పని, కూలెంత, ఎవరి పిల్లల్ని సాదిన్రు, ఏ పాట తెలుసు అన్నీ ఒక నోటుబుక్కులో రాయాలె. వచ్చే ఏప్రిల్ 14న స్టేజీ మీద అవి చదవాలె. నాయకుల ఉపన్యాసం అర్ధగంట తగ్గితే నష్టమేం లేదు.

మా గల్లీలో మొదలుపెట్టినం. ఇప్పటికి పదకొండు పేర్లయినయి. అందులో ఇద్దరికి పుట్టింటి ఇంటిపేరు యాదికి లేదు, వాళ్ళ ఊర్లకు మనిషిని పంపుతున్నం.