శౌచనియమమూ మలబద్ధకమూ

ముఖ్యప్రాణం తననే ఐదుగా విభజించుకొన్నదని బోధించే ప్రశ్నోపనిషత్తు, విసర్జనేంద్రియాల యందు అపానాన్ని నిలిపింది. దేహక్రియలలో దేనినీ ఋషులు చర్చకు అనర్హమని భావించలేదు. అయినను నేటి సాధకులలో పలువురు దీర్ఘకాలిక మలబద్ధకం గురించి నోరు విప్పడానికి లజ్జిస్తారు. కొందరు దానిని తమోగుణమనీ, పూర్వకర్మఫలమనీ తలచి కుమిలిపోతారు. ఆ అపరాధభావం నిరాధారం.

వారానికి మూడు పర్యాయాలకన్న తక్కువ విసర్జన, ప్రయాస, గట్టి మలం, ఇంకా మిగిలిందన్న భావన నెలల తరబడి ఉంటే, వైద్యులు మొదట థైరాయిడ్ లోపాన్నీ, మధుమేహాన్నీ, ఇనుము, కాల్షియం మాత్రల ప్రభావాన్నీ పరిశీలిస్తారు. ఏదీ కానరానప్పుడు కారణం తెలియని మలబద్ధకమంటారు. అందులోనూ పెద్దప్రేగు చలనం మందగించడమో, విసర్జనవేళ సడలవలసిన కండరాలు బిగుసుకోవడమో ఉండవచ్చు. ఇవి దేహధర్మాలు, భక్తికి కొలతలు కావు.

చరకసంహిత సూత్రస్థానం 7వ అధ్యాయం అణచరాని వేగాలు 13 అని పేర్కొన్నది. మలవేగం వాటిలో ఒకటి. తెల్లవారకముందే ఎల్లారెడ్డిలో బస్సెక్కి కామారెడ్డికి వెళ్లే విద్యార్థి దానిని అణచుకొంటాడు. పూజ మధ్యలో లేవరాదని ఇంటి పెద్ద అణచుకొంటారు. పైగా జొన్నరొట్టె, మక్కగటక ఉండిన పళ్లెంలో నేడు తెల్లని అన్నమే అధికం. వేగాన్ని పదేపదే నిరోధిస్తే ప్రేగు ఇచ్చే సూచన క్రమంగా మందగిస్తుంది. పూజ కొంతసేపు ఆగినా దైవానికి అపచారం లేదు. శౌచానంతరం స్నానం చేసి తిరిగి కూర్చోవచ్చు.

గీత 6వ అధ్యాయం చెప్పిన యుక్తాహారవిహారాలే ఇక్కడ సాధన. ఉదయాహారం తరువాత ప్రేగులు సహజంగా కదులుతాయి; ఆ వేళ తొందర లేకుండా కూర్చోవాలి. పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్డిలో పాదాల క్రింద చిన్న పీట ఉంచుకోవాలి. పప్పులు, ఆకుకూరలు, జామ, జొన్న క్రమంగా పెంచాలి. తగినంత నీరు, నిత్యం నడక అవసరం. ఇసబ్‌గోల్‌ను చాలినంత నీటితోనే సేవించాలి. విరేచన చూర్ణాలను వైద్యసలహా లేకుండా ఏళ్లతరబడి వాడరాదు. వ్యాధిగ్రస్తులైన వృద్ధులకు నిర్జల ఏకాదశి తగదు. కండరాలు సడలనివారికి ప్రత్యేక శిక్షణ ఉపకరిస్తుంది.

మలంలో రక్తం, అకారణంగా బరువు తగ్గడం, రక్తహీనత, యాభై ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన మార్పు కనిపిస్తే వైద్యుని దర్శించడంలో జాప్యం కూడదు. శరీరం ధర్మసాధనమని నమ్మేవారికి దాని బాధను దాచుకోవడం వ్రతం కానేరదు.